నలభైకి నలభై

ఏమండీ,

వందనాలు. మీరు వెళ్లిపోయి నేటికి ఒక సంవత్సరం రెండు నెలల తొమ్మిది రోజులు. ఇవాళ ఈస్టర్ వెళ్లిన బుధవారం. గడియారంలో మూడు దాటి పది నిమిషాలైంది. ఐదున్నరకు మన అమ్మాయి కరుణ బాబిని తీసుకుని ఆసుపత్రి నుంచి వస్తుంది. ఈలోగా ఈ ఉత్తరం ముగించాలి.

కంగారు పడకండి. బాబి ఇవాళ పొద్దుటి వరకు బాగున్నాడు. ఇంతకంటే ఎక్కువ చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు.

ముందు మీకొక మాట చెప్పాలి. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నాకు వాసన తెలియడం లేదు.

డిసెంబరులో చలిజ్వరం వచ్చి పది రోజులు మంచం మీద ఉన్నాను. జ్వరం పోయింది. దానితో పాటు అదీ పోయింది. పోయిందని నాకు వెంటనే తెలియలేదు చూడండి... కళ్లు పోతే చీకటవుతుంది, చెవులు పోతే నిశ్శబ్దమవుతుంది. ఇది పోతే ఏమీ అవదు. కాఫీ రుచిగా లేదని గింజల కొట్టువాణ్ణి తిట్టాను. కింద ఉండే ఇంటి యజమానురాలు మునెమ్మ పెట్టిన సంపంగిపూలు చేతిలోకి తీసుకుని, ఈ బెంగుళూరు పూలకు చూపే తప్ప గుణం లేదన్నాను. మొదటి వాన పడిన రోజు మునెమ్మ మెట్ల మీద కూర్చుని, "ఏం టీచరమ్మా, మట్టి వాసన ఎంత బాగుండాదో చూడు" అంది. బాగుందన్నాను. అది నేను ఆడిన మొదటి అబద్ధం.

శ్రమ దినాలు మొదలైన భస్మ బుధవారం నాడు పరీక్షగా చూసుకున్నాను. తలుపు వేసుకుని కర్పూరం, ఇంగువ, తలనొప్పి మందు, కిరసనాయిలు వరుసగా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తలనొప్పి మందుకు కళ్లలో నీళ్లు వచ్చాయి. అంతే. నాలుగింటికి సున్నా.

కరుణకు చెప్పవలసింది. ఎందుకు చెప్పలేదంటారా?

కరుణ సంగతి మీకు తెలుసు. స్టాఫ్ నర్సు ఉద్యోగం. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. అల్లుడు హుబ్లీ నుంచి నెలకొకసారి వచ్చే మనిషి. పిల్లలిద్దరూ నా చేతిలోనే. సుగుణకు ఎనిమిదిన్నర, బాబికి వచ్చే నెలకు ఐదు. జనవరిలో అల్లుడు వచ్చినప్పుడు కరుణ అతనితో అన్న మాట నేను విన్నాను. అమ్మ ఉండబట్టి సరిపోయింది, లేకపోతే సుగుణను హాస్టల్లో వేసి, బాబిని ఎవరింట్లోనో వదిలి, అదీ కుదరకపోతే నేను ఉద్యోగం మానుకోవాలి, అంది. ఆ మాటే నా నోరు కట్టేసింది. వాసన తెలియని ముసలిదాని చేతిలో గ్యాస్ పొయ్యి పెట్టి, ఇద్దరు పిల్లల్ని వదిలి ఏ తల్లి డ్యూటీకి వెళ్తుంది? నర్సు అసలే వెళ్లదు.

జాగ్రత్తగా ఉంటే చాలనుకున్నాను. ముప్పై ఒక్క సంవత్సరాలు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. ముక్కు చేసే పని కళ్లతో, గడియారంతో చేయవచ్చుననుకున్నాను. పాలకు ఎనిమిది నిమిషాలు, పప్పుకు ఇరవై రెండు. గోడకు కాగితం అంటించి రాసుకున్నాను. మీరు చూస్తే నవ్వేవారు. "టీచరుగారూ, మీ లెక్కలో తప్పుండదు. నాకు భయం వేసేది అందుకే" అనేవారు కదా... ఆ మాటకు అప్పట్లో నాకు కోపం వచ్చేది.

ఈస్టర్‌కు వారం ముందు, మట్టల ఆదివారం నాడు పప్పు మాడింది. నేను పక్క గదిలో బాబికి మట్టతో సిలువ అల్లడం నేర్పుతున్నాను. గడియారం చూడడం మరిచాను. మునెమ్మ కింది నుంచి పైకి వచ్చింది. "ఏమమ్మా, పప్పు బొగ్గయిపోతుండాది, కింద మా ఇంటికంతా పొగ వస్తుండాది, నీకు తెలియలేదా?" అంది. తెలుసు, దించబోతున్నానన్నాను. సుగుణ అప్పటికే పొయ్యి ఆపేసి గిన్నె దించింది. పిల్లలు పొయ్యి దగ్గరికి రాకూడదని నియమం ఉంది కదా అని దానిని గట్టిగా కేకలేశాను. అది చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

ఆ రోజు నుంచి ఈ పిల్లకు వంటింటి గుమ్మంలో నిలబడే అలవాటు వచ్చింది. పుస్తకం పట్టుకుని అక్కడే చదువుకుంటుంది. వెలుతురులో కూర్చోమంటే కూర్చోదు. నేను దాన్ని మొండితనం అనుకున్నాను.

మంచి శుక్రవారం నాడు మూడు గంటల ఆరాధనకు బయలుదేరాం. వీధి చివరికి వెళ్లాక సుగుణ రుమాలు మరిచానంటూ వెనక్కి పరుగెత్తింది. వచ్చేసరికి నాలుగు నిమిషాలు. గుడికి ఆలస్యంగా వెళ్లడం నా జీవితంలో లేదు. తోవ పొడుగునా దాన్ని మందలిస్తూనే ఉన్నాను. గుడిలో పక్కన కూర్చున్నప్పుడు చూశాను, దాని చేతిలో రుమాలు లేదు. మరి దేనికి వెళ్లింది... అప్పుడే అడిగి ఉంటే?

ఇక ఈస్టర్ సంగతి.

ఈస్టర్‌కు ముందు శ్రమ దినాలు నలభై రోజులూ మన ఇంట్లో పిల్లలకు మిఠాయి లేదు. ఈ నియమం మీకు నచ్చేది కాదని తెలుసు. నేను చూడనప్పుడు మీ నల్లకోటు జేబులోంచి పిప్పరమెంటు తీసి ఇచ్చేవారని కూడా తెలుసు. రైల్వేలో టికెట్లు చూసిన మనిషి రిటైరయ్యాక కూడా ఆ కోటే వేసుకుని గుడికి వచ్చేవారు. ఆ జేబులో పిప్పరమెంట్లు, ఆ పిప్పరమెంట్లకు కలరా ఉండల వాసన! ఎన్నిసార్లు పోట్లాడాను మీతో. "పిల్లలకు అలవాటైపోయిందిలే, వాళ్లకదే రుచి" అనేవారు.

మిఠాయి లేని ప్రతి రోజుకూ ఒక మిఠాయి గుడ్డు బాకీ అని పిల్లలకు చెప్పాను. జీడిపప్పు, పంచదార ముద్ద చేసి, ఉసిరికాయంత ఉండలుగా చుట్టి, కొద్దిగా కోలగా నొక్కి ఆరబెట్టాను. సరిగ్గా నలభై. క్రిస్మస్ నక్షత్రానికి తెచ్చిన గులాబీ రంగు పలుచ కాగితం మిగిలి ఉంటే, ముక్కలు కత్తిరించి ఒక్కొక్కదాన్నీ పొట్లం కట్టాను. ఈస్టర్ ఉదయం ఇల్లంతా దాచితే పిల్లలు వెతుక్కోవాలి. ఇక్కడి ఇళ్లలో పిల్లలకు ఇదొక వేడుక. కరుణ సరదా పడింది. నేనూ ఒప్పుకున్నాను.

అప్పటిదాకా వాటిని ఎక్కడ ఉంచాలి? అలమరలో పెడితే చీమలు. బియ్యం డబ్బాలో పెడితే బాబి. పిల్లలు ముట్టని చోటు ఇంట్లో ఒక్కటే ఉంది. మీ ట్రంకుపెట్టె.

చదువుతుంటే మీకు అప్పుడే అర్థమైంది కదూ? ముక్కున్న ఏ ఆడది తినే వస్తువును తీసుకెళ్లి కలరా ఉండలున్న పెట్టెలో పెడుతుంది? పెట్టె మూత తీసినప్పుడు నా ముఖానికి ఏమీ తగలలేదు. తగలనిది లేదనుకున్నాను.

డబ్బాలో ముప్పై నాలుగు పట్టాయి. మిగిలిన ఆరింటిని మీ చేతిరుమాలులో మూట కట్టి, కోటు కుడి జేబులో పెట్టాను. ఎడమ జేబులో కలరా ఉండలు ఉన్నాయి. నల్లబట్ట మీద తెల్ల మరక పడకుండా వాటిని ఎప్పుడూ కాగితంలో చుట్టే పెడతాను. "నీ చేతికి దొరికితే గాలికి కూడా పొట్లం కడతావు" అనేవారు మీరు. ఈసారి క్రిస్మస్ తర్వాత పాతవి తీసేసి కొత్తవి పెట్టినప్పుడు కూడా అదే కాగితం వాడాను. అదే గులాబీ రంగు. కోటుకు ఎప్పుడూ ఆరే.

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు సమాధుల తోటకు వెళ్లాం. కరుణ డ్యూటీలో ఉంది. మీ రాయి కడిగి, కొవ్వొత్తులు వెలిగించి, మల్లెపూలు పరిచాం. గాలికి కొవ్వొత్తి ఆరుతూనే ఉంది. ఐదుసార్లు వెలిగించాను. బాబి రాయి పక్కన గొంతుకూర్చుని, తాతయ్య ఎప్పుడు లేస్తాడని అడిగాడు. ప్రభువు వచ్చిన రోజున, అన్నాను. ఇవాళే కదా ఆయన లేచాడు, అన్నాడు. ఆయన వేరు, తాతయ్య వేరు, అన్నాను. వాడు రాయి మీద చెవి పెట్టి కాసేపు విన్నాడు.  లేపి నిలబెట్టాను.

ఇంటికి వచ్చాక పిల్లల్ని మునెమ్మ ఇంట్లో పాలు తాగమని పంపి గుడ్లు దాచడం మొదలుపెట్టాను. డబ్బాలోవి ముప్పై నాలుగు. మిగతా ఆరింటి కోసం పెట్టెలో చేయి పెట్టి కోటు జేబు తడిమాను. మూట తగలలేదు, విడి పొట్లాలు తగిలాయి. రుమాలు ముడి ఊడిందనుకున్నాను. లెక్కపెట్టాను. ఆరు కావాలి. ఆరు ఉన్నాయి.

ఆరు ఉన్నాయి... అంతకంటే ఏం చూడాలి అనుకున్నాను?

నీళ్లబిందె వెనుక, పూలకుండీలో, బైబిలు పెట్టే పీట కింద, వరండాలో చెప్పుల మధ్య, అన్నిచోట్లా దాచాను. ఏది ఎక్కడో నోటుపుస్తకంలో రాసుకున్నాను. పిల్లల్ని పిలిచాను.

మీరు ఆ ఉదయం ఉండి ఉంటే బాగుండేది. వాళ్లు పరుగెత్తడం, పోట్లాడుకోవడం, సుగుణ తనకు దొరికినవాటిలోంచి తమ్ముడికి రెండు జార్చడం... నేను కుర్చీలో కూర్చుని ఒక్కొక్కదాని పక్కన గీత పెడుతున్నాను. అప్పుడు బాబి బిందె వెనుక నుంచి లేచి నిలబడ్డాడు. చేతిలో పొట్లం. ముఖం ఎలాగో ఉంది. చుట్టూ చూశాడు.

"తాతయ్య వచ్చాడు" అన్నాడు.

ఏమిట్రా అన్నాను. "తాతయ్య వచ్చాడు అమ్మమ్మా. ఇక్కడున్నాడు." వరండాలోకి పరుగెత్తాడు. "ఇక్కడ కూడా వచ్చాడు." పీట దగ్గరికి వచ్చాడు. నేల మీద బోర్లా పడుకుని పీట కిందికి చూస్తూ, "తాతయ్యా, రా" అని పిలిచాడు.

నా చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నేనూ గుమ్మం వైపు చూశాను. బయట ఎండ తప్ప ఏమీ లేదు. సుగుణ కదలకుండా నిలబడి నన్నే చూస్తోంది, తమ్ముణ్ణి కాదు.

తర్వాత నాకు కోపం వచ్చింది. పునరుత్థాన పండుగ నాడు ఇటువంటి ఆటలా అని మందలించాను. వాడు ఏడుస్తూ, "వచ్చాడు, నిజంగా వచ్చాడు" అన్నాడు. అబద్ధం ఆడే పిల్లలకు ఈ ఇంట్లో ఏం శిక్షో మీకు తెలుసు. గోడవైపు తిరిగి ముక్కాలిపీట మీద పది నిమిషాలు. కూర్చోబెట్టాను. గడియారం చూసుకున్నాను.

ఆ పది నిమిషాల్లో సుగుణ మిగిలినవన్నీ వెతికి తెచ్చింది. గీతలు లెక్కపెట్టాను. నలభైకి నలభై. ఈ మధ్య నాకు అంత తృప్తి కలగలేదు. ముక్కు లేకపోయినా లెక్క ఉంది అనుకున్నాను.

ఖాళీ డబ్బాను పెట్టెలో పెడదామని వెళ్లాను. కోటు ఒక పక్కకు జారి ఉంటే సరిచేశాను. కుడి జేబు బరువుగా ఉంది.

రుమాలు మూట. ముడి వేసినట్టే ఉంది. విప్పాను. ఆరు గుడ్లు.

 నలభై దొరికాయి, ఆరు ఇక్కడ ఉన్నాయి. అంటే నలభై ఆరు. నేను చేసింది నలభయ్యే...

గదిలోకి పరుగెత్తాను. సుగుణ పళ్లెం లాక్కున్నాను. అది నాలుగు పొట్లాలు విడిగా పెట్టి ఉంది. "ఇవి తాతయ్య కోటు వాసన వస్తున్నాయి అమ్మమ్మా. అందుకే తినలేదు" అంది. బాబి చొక్కా జేబులో ఒకటి. ఐదు.

ఆరోది వాడి నోట్లో ఉంది.

గోడవైపు తిరిగి, నేను చెప్పినట్టే కదలకుండా కూర్చుని, వాడు దాన్ని చప్పరిస్తున్నాడు. నా అరచేతిలోకి ఉమ్మించాను. ఒక పక్క పళ్ల గాట్లు. ఒక పెచ్చు లేదు. చేదుగా లేదట్రా అంటే, "తాతయ్య పిప్పరమెంటు" అన్నాడు. నేను పెట్టిన పది నిమిషాలూ వాడు మీతో ఉన్నాననుకున్నాడు.

మునెమ్మ పాలగ్లాసుతో పరుగెత్తుకొచ్చింది. "తాపించమ్మా, విషం విరిగిపోతాది" అంది. ఇటువంటివాటికి పాలు ఇవ్వకూడదని కరుణ ఎప్పుడో అన్నమాట గుర్తొచ్చి వద్దన్నాను. ఆ ఒక్క పనైనా సరిగ్గా చేశాను. సుగుణను ఆమె దగ్గర వదిలి, ఆటోలో కరుణ పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్లాను. వాడికి గొట్టం వేసి కడుపు కడిగారు. వాడు అరిచిన అరుపు నడవలో అటు చివర నిలబడ్డా వినిపించింది. పెచ్చు బయటికి రాలేదు. కొంత కరిగిపోయి ఉంటుందన్నారు డాక్టరుగారు. మూడు రోజులు ఉంచాలి, మూత్రం రంగు చూస్తూ ఉండాలి, నల్ల టీలాగా మారితే ఒంట్లో రక్తం విరుగుతోందని అర్థం, అన్నారు.

మూడు రోజులు. ఈస్టర్ నాడు ఆ అంకె విన్నాను.

కరుణ వాడి మంచం పక్కన తెల్ల ఎనామిల్ గిన్నె పెట్టుకుంది. వాడు పోసిన ప్రతిసారీ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో చూసేది. నేను దాని ముఖం చూసేదాన్ని. సోమవారం సాయంత్రం అది గిన్నె పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఏమైందన్నాను. డాక్టరును పిలవమంది. డాక్టరు వచ్చి చూసి, నీళ్లు తక్కువ తాగాడు, అందుకే, అన్నారు. మంగళవారం తేటగా వచ్చింది. ఇవాళ కూడా. ఇంకో రెండు రోజులు ఇంట్లో కనిపెట్టి ఉండమన్నారు.

ఆదివారం మధ్యాహ్నం కరుణ నన్ను అడిగింది. అమ్మా, ఎలా జరిగింది? కాగితం ఒకటే రంగు, పొరపాటున చేతికి వచ్చాయి, అన్నాను. అది నిజమే. సగం నిజం. కరుణ నా భుజం మీద చెయ్యి వేసి, "ఎవరికైనా జరుగుతుందమ్మా, నువ్వు బాధపడకు" అంది. నర్సు కదా, వాసన రాలేదా అని అడుగుతుందేమోనని గుండె చిక్కబట్టుకుని ఉన్నాను. అడగలేదు. నన్ను అనుమానించడం దానికి చేతకాలేదు. మునెమ్మతో వచ్చిన సుగుణ మంచం అవతల నిలబడి ఉంది. అది కళ్లు ఎత్తి నన్ను చూసి, మళ్లీ దించుకుంది.

అబద్ధం ఆడిన పిల్లలకు పది నిమిషాలు. మరి నాకో?

ఇక ఇవాళ. ఈ ఉత్తరం మొదలుపెట్టడానికి అరగంట ముందు.

బాబి వస్తాడని సేమ్యా పాయసం చేద్దామనుకున్నాను. పాలు సన్నమంట మీద పెట్టి, వాడికి పక్క దులపడానికి వెళ్లాను. జల్లు కొడుతోందని కిటికీలన్నీ మూసి ఉంచాను. దుప్పటి మార్చాను, దిండు గలీబు తొడిగాను. గడియారం చూస్తే పద్నాలుగు నిమిషాలు దాటింది. వంటింట్లోకి వెళ్లాను. గిన్నె చుట్టూ పాలు పొంగి పొయ్యి మీద పడి ఉన్నాయి. మంట లేదు.

పొంగి ఆరిపోయిందన్నమాట, మళ్లీ అంటిద్దాం అనుకున్నాను. అంతే అనుకున్నాను. వంటిల్లు ఎప్పటిలాగే ఉంది. ప్రశాంతంగా ఉంది. అగ్గిపెట్టె తీసి పుల్ల బయటికి లాగాను.

"అమ్మమ్మా, గీయొద్దు."

సుగుణ గుమ్మంలో ఉంది. అరవలేదు. చాలా మెల్లగా అంది, నిద్రపోతున్నవాళ్లను లేపకూడదన్నట్టు. ముక్కు మీద పరికిణీ చెంగు అడ్డం పెట్టుకుని ఉంది. మునెమ్మ ఇంటి నుంచి మెట్లెక్కుతుంటేనే తెలిసిందట. వచ్చి నా చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుంది. పొయ్యి మర కట్టింది, సిలిండర్ మర కట్టింది. కిటికీలు తెరిచింది, వీధి తలుపు తెరిచింది. నా చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. ఇదంతా ఒక వరుసలో, తడబాటు లేకుండా చేసింది. అది అలవాటైన చేయి.

పుల్ల ఇంకా నా వేళ్ల మధ్యే ఉంది.

ఎప్పటి నుంచి తెలుసే నీకు, అన్నాను.

"శుక్రవారం కూడా తెరిచే ఉంది అమ్మమ్మా. గుడికి వెళ్లేటప్పుడు."

రుమాలు. నాలుగు నిమిషాలు.

మరి అమ్మకు ఎందుకు చెప్పలేదు?

"చెబితే నన్ను హాస్టల్లో వేస్తారుగా. బాబిని ఎవరింట్లోనో వదిలేస్తారుగా."

జనవరిలో కరుణ అన్న మాట నేనొక్కదాన్నే వినలేదు. తలుపుకు అటు నేను, ఇటు అది. ఒకే మాట విని, ఇద్దరమూ ఒకే రహస్యం పట్టుకుని, ఒకరికి తెలియకుండా ఒకరం ఇన్నాళ్లూ ఈ ఇంట్లో తిరిగాం. నేను పిల్లల్ని కాపలా కాస్తున్నాననుకున్నాను...

అది లోపలికి వెళ్లి తన లెక్కల నోటుపుస్తకం తెచ్చింది. చివరి పేజీ తీసి చూపించింది. నేను నేర్పినట్టే అడ్డగీతలు, నిలువుగీతలు. వరుస సంఖ్య. రోజు. ఏం జరిగింది. "పాలు." "పప్పు." "గ్యాస్." "గ్యాస్." "ఇస్త్రీపెట్టె." "అన్నం పాచిపోయింది, పారేశాను, అమ్మమ్మ చూడలేదు." "గ్యాస్." పదకొండు వరుసలు. ఎక్కడా కొట్టివేత లేదు. ఆదివారం నాటి గుడ్లు పదకొండోది. "నాకు వాసన వచ్చింది. తమ్ముడు తినకముందు చెప్పలేదు" అని రాసుకుంది.

ఎనిమిదిన్నరేళ్ల పిల్ల. దాని తప్పు కూడా దాని లెక్కలో వేసుకుంది.

ఎందుకు చెప్పలేదే తల్లీ, అంటే, అమ్మమ్మ మర్చిపోయి అక్కడ పెట్టిందేమో, చెబితే అందరికీ తెలిసిపోతుందేమో అనుకున్నానంది. నన్ను కాపాడబోయి తమ్ముణ్ణి కాపాడలేకపోయానని దాని బాధ. మూడు రోజుల నుంచి అన్నం సరిగ్గా తినడం లేదు. నేను అది కూడా చూడలేదు.

ఆ పదకొండో వరుసలో దాని వాక్యం కొట్టేశాను. ఎర్రసిరాతో. ఇది నీది కాదు, నాది, అని పక్కన రాసి సంతకం పెట్టాను. కింద పన్నెండో వరుస నేనే రాశాను. "బుధవారం. గ్యాస్. అమ్మమ్మ పుల్ల తీసింది. సుగుణ ఆపింది."

తర్వాత ఒక పని చేశాను. మీరు ఏమనుకుంటారో తెలియదు. పెట్టెలోంచి మీ కోటు తీసి ముఖానికి పెట్టుకున్నాను. ఏమీ లేదు. గోనెసంచి పెట్టుకున్నా అంతే. సుగుణ చేతికిచ్చి, వాసన చూసి చెప్పు, తాతయ్య వాసన ఏమైనా ఉందా, అన్నాను. అది చాలాసేపు చూసింది. కాలరు, చంకలు, జేబులు.

"కలరా ఉండల వాసనే అమ్మమ్మా. ఇంకేం లేదు" అంది.

నన్ను సంతోషపెట్టడానికి ఉందని చెప్పలేదు. దానికి నిజం చెప్పడం నేనే నేర్పాను.

ఇప్పుడు నాలుగూ నలభై. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. వాన జల్లు లోపలికి కొట్టి నేల తడుస్తోంది, తడవనివ్వండి. అగ్గిపెట్టెలు రెండూ మునెమ్మకు ఇచ్చి వచ్చాను. ఎందుకమ్మా అంది, సాయంత్రం చెబుతానన్నాను. పాయసం చేయలేదు. ఆ ఆరు గుడ్లూ, మిగిలినవన్నీ కూడా పెంటకుప్పలో వేశాను. పెట్టెలోంచి వచ్చినవేవీ ఇక ఈ పిల్లల నోటికి పోవు. సుగుణ వరండా గట్టు మీద కూర్చుని వీధి వైపు చూస్తోంది. ఇన్ని రోజుల్లో మొదటిసారి వంటింటి గుమ్మం ఖాళీగా ఉంది.

ఏమవుతుందో నాకు తెలియదండీ. కరుణ ఉద్యోగం ఉంటుందో, మానుతుందో. ఈ పిల్ల ఏ హాస్టల్ గోడల మధ్యకు పోతుందో. బాబి గిన్నెలో ఇంకో రెండు రోజులు ఏ రంగు కనబడుతుందో. నా నోటితో నేను ఈ ఇంటిని విడదీయబోతున్నానేమో. మీరుంటే ఏం చేయమనేవారు? ఏదో ఒకటి చెప్పి నవ్వించేవారు, ముందు మాత్రం కిటికీ తెరవమనేవారు.

మీకు మాట ఇస్తున్నాను. ఆటో ఆగగానే ఎదురు వెళ్తాను. కరుణ చెప్పులు విప్పకముందే చెబుతాను. ఆ నోటుపుస్తకం దాని చేతికిస్తాను. పన్నెండు వరుసలూ చదివి వినిపిస్తాను, ఒక్కటీ తగ్గించను. తర్వాత గోడవైపు తిరిగి ముక్కాలిపీట మీద కూర్చుంటాను. పది నిమిషాలు. బాబి గడియారం చూస్తాడు.

వీధి మలుపులో ఆటో చప్పుడు. ఇంకా టైము కాలేదు, అయినా సుగుణ లేచి నిలబడింది. వెళ్తున్నాను.

మీ టీచరు